బైక్ టైర్లు కొనే ముందు: పట్టు ఉండాలి, త్వరగా అరగకూడదు

"వానలో జారకూడదు, ముప్పై వేల కిలోమీటర్లు రావాలి, ఏ టైరు వేయించమంటారు?" టైర్ల గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇదే. ఈ రెండూ ఒకే టైరులో నిండుగా దొరకవు. మెత్తటి రబ్బరు రోడ్డును బాగా పట్టుకుంటుంది, అంతే త్వరగా అరిగిపోతుంది. గట్టి రబ్బరు ఏళ్ల తరబడి వస్తుంది, కానీ తడి రోడ్డు మీద బ్రేకు వేయాలంటే భయమే.

అయితే బండికి టైర్లు రెండు. ముందు టైరును పట్టు చూసి కొనండి, వెనక టైరును మన్నిక చూసి కొనండి. బ్రేకు వేయగానే బరువు ముందుకు వస్తుంది, బండిని తిప్పేదీ ముందు చక్రమే. వెనక చక్రం కాస్త జారినా చాలాసార్లు బండి నిలబడుతుంది. ముందు చక్రం జారితే తేరుకునే వ్యవధే ఉండదు. ఇంజను లాగుడు, వెనక కూర్చునే మనిషి, బస్తాలు అన్నీ వెనక టైరు మీదే పడతాయి కాబట్టి అరుగుదల అక్కడ ఎక్కువ. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

1. షాపుకు వెళ్లే ముందు పాత టైరును చూడండి

బండిని సెంటర్ స్టాండ్ వేసి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ చుట్టూ చూడండి. టైరు ఎలా అరిగిందో చూస్తే బండిలో ఏం తేడా ఉందో తెలిసిపోతుంది. ఆ తేడా సరిచేయకుండా ఎంత ఖరీదైన టైరు వేసినా అదే తీరుగా అరుగుతుంది.

- మధ్యలో మాత్రమే బల్లపరుపుగా అరిగితే: గాలి ఎక్కువ కొట్టిస్తున్నారు, లేదా ఎక్కువగా తిన్నటి రోడ్డు మీద తిరుగుతున్నారు. రోజూ విజయవాడ నుంచి గుంటూరుకు హైవే మీద వెళ్లొచ్చేవాళ్ల వెనక టైరు ఇలాగే అరుగుతుంది. గాలి సరిగ్గా ఉంటే దీనికి కంగారు అక్కర్లేదు.
- రెండు అంచులూ అరిగి మధ్యలో గాడి (రబ్బరు మీది కాలువ) అరగకుండా మిగిలితే: గాలి తక్కువతో తిరిగారు.
- ఒకవైపే అరిగితే: వెనక చక్రం వంకరగా బిగించి ఉంది, లేదా స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) బుష్‌లు పోయాయి.
- ముందు టైరు గీతలు రంపం పళ్లలా ఎత్తుపల్లాలుగా ఉంటే: ముందు గాలి తక్కువ, లేదా ఫోర్కు, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు), చక్రం బేరింగుల్లో లూజు ఉంది.
- పక్క గోడ మీద సన్నటి పగుళ్లు ఉంటే: టైరు ముసలిదైపోయింది. గాడి ఎంత మిగిలినా తీసేయాల్సిందే.

గాడిలో అడ్డంగా చిన్న గట్టులాంటి ముక్కలు ఉంటాయి. అవి ఎక్కడున్నాయో చూపించడానికి టైరు పక్కన చిన్న త్రికోణమో, టీడబ్ల్యూఐ (TWI) అనే అక్షరాలో ఉంటాయి. పైరబ్బరు ఆ గట్టుతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. టూవీలర్లకు గాడి లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. వానలకు అది చాలదు. ముందు టైరు ఆ గట్టుకు దగ్గరపడుతుంటే జూన్ రాకముందే మార్చేయండి, మిగిలిన కాస్త రబ్బరు కోసం వానాకాలం నెట్టుకురావద్దు.

2. మీ రోడ్లు, మీ బరువు కాగితం మీద పెట్టండి

షాపులో అడిగే మొదటి ప్రశ్న "ఏ బండి?" అని. మీరు చెప్పాల్సింది ఇంకో రెండు ఉన్నాయి: ఎక్కడ తిరుగుతారు, ఎంత మోస్తారు.

నగరంలోనే ఎక్కువ అయితే: విజయవాడ బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు మీద సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు ఆగుతూ కదులుతూ వెళ్లడమే. బ్రేకు పని ఎక్కువ. ఫ్లైఓవర్ల జాయింట్లు, జీబ్రా గీతల పెయింటు, మ్యాన్‌హోల్ మూతలు తడిస్తే నూనె పూసినట్టే ఉంటాయి. ముందు టైరు మెత్తటి రబ్బరుది కావాలి.

హైవే ఎక్కువ అయితే: మే నెల మధ్యాహ్నం ఆ తారు మీద గంటసేపు ఆగకుండా వెళ్తే టైరు బాగా వేడెక్కుతుంది, మెత్తటి రబ్బరు కరిగినట్టు అరిగిపోతుంది. వెనక గట్టి రబ్బరుది, లేదా మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు ఉండే రెండు రకాల మిశ్రమం టైరు మంచిది.

పల్లెలకు, పొలాలకు వెళ్లాల్సి ఉంటే: తుళ్లూరు, అమరావతి వైపు నల్లరేగడి బురద గీతల్లో ఒక్కసారి నిండిందంటే ఏ రోడ్డు టైరైనా నున్నటి టైరే. వెడల్పాటి ఖాళీలున్న బటన్ టైరు బురదను విదిలిస్తుంది. కానీ అదే టైరు తారు మీద శబ్దం చేస్తుంది, త్వరగా అరుగుతుంది, తడి తారు మీద తక్కువ పట్టు ఇస్తుంది. రోజూ ముప్పై కిలోమీటర్లు తారు మీద వెళ్లి, చివరి కిలోమీటరు మాత్రమే బురద అయితే బటన్ టైరు జోలికి పోవద్దు. మరీ బురద ఉన్న రోజున బండి గట్టు మీదే పెట్టి నడవండి.

ఇంకో మాట. కోతల రోజుల్లో తెనాలి, దుగ్గిరాల వైపు రోడ్ల మీద ధాన్యం, మొక్కజొన్న ఆరబోస్తారు. కరకట్ట రోడ్డు మీద లారీల నుంచి ఇసుక రాలుతుంది. గింజల మీద, ఇసుక మీద పట్టిచ్చే టైరు ఇంకా ఎవరూ తయారు చేయలేదు. అక్కడ వేగం తగ్గించడమొక్కటే దారి.

3. పక్క గోడ మీద అంకెలు చదవండి

ఈ ఒక్క అంచె నేర్చుకుంటే షాపువాడు ఏది చేతికిస్తే అది తీసుకునే పరిస్థితి ఉండదు. ఉదాహరణకు 100/90-17 55 పీ అని ఉందనుకోండి.

- 100: టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో.
- 90: వెడల్పులో ఎత్తు శాతం. అంటే ఇక్కడ 90 మిల్లీమీటర్లు.
- 17: రిమ్ము వ్యాసం, అంగుళాల్లో.
- 55: మోయగల బరువు సూచిక. 55 అంటే 218 కిలోలు.
- పీ: వేగం పరిమితి, గంటకు 150 కిలోమీటర్లు. జే అయితే 100, ఎల్ అయితే 120, ఎస్ అయితే 180.

బరువు సూచికను చాలామంది చూడనే చూడరు. స్ప్లెండర్ ప్లస్‌కు ముందూ వెనకా ఒకే సైజు, 80/100-18. కానీ కంపెనీ ఇచ్చే ముందు టైరు సూచిక 47, వెనక టైరు సూచిక 54. మొదటిది 175 కిలోలు మోస్తుంది, రెండోది 212 కిలోలు. సైజు ఒకటే కదా అని 47 టైరును వెనక వేస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడండి.

బండి సుమారు 112 కిలోలు, నడిపే మనిషి 65 కిలోలు. గుంటూరు మిర్చి యార్డుకు ఒక్కోటి 40 కిలోలకు పైబడిన రెండు టిక్కీలు (మిర్చి బస్తాలు) వెనక కట్టారు. మొత్తం 260 కిలోలు దాటింది. అందులో మూడింట రెండొంతులకు పైగా వెనక చక్రం మీదే పడుతుంది, అంటే 175 కిలోలు దాటేస్తుంది. గుంతలో పడినప్పటి దెబ్బ దీనికి అదనం. పక్క గోడ ఉబ్బిందని, టైరు పేలిందని వచ్చేవాళ్లలో కంపెనీని తిట్టేవాళ్లే ఎక్కువ, సూచిక చూసినవాళ్లు తక్కువ.

బరువు సూచిక, వేగం అక్షరం కంపెనీ ఇచ్చినదానికి సమానంగా ఉండాలి, లేదా ఎక్కువ ఉండాలి. తగ్గకూడదు.

4. లావు టైరు కావాలా?

కుర్రాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. నా జవాబు: వద్దు, కంపెనీ సైజే వేయండి.

కారణం కొలతల్లోనే ఉంది. 100/90-17 టైరు మొత్తం వ్యాసం దాదాపు 612 మిల్లీమీటర్లు. దాని బదులు 110/90-17 వేస్తే 630 అవుతుంది. బండి వెనక 9 మిల్లీమీటర్లు లేస్తుంది, మడ్‌గార్డుకో చైన్ కవరుకో రాసుకోవచ్చు, లాగుడు, మైలేజీ తగ్గుతాయి. 110/80-17 అయితే 608, ఇది పాతదానికి దగ్గరే. కానీ రిమ్ము వెడల్పు సరిపోకపోతే టైరు అంచులు లోపలికి ముడుచుకుని నడుము మరీ గుండ్రంగా లేస్తుంది. అప్పుడు రోడ్డును తాకే రబ్బరు పెరగదు, మధ్య భాగం ఇంకా త్వరగా అరుగుతుంది. డబ్బు ఎక్కువ పెట్టి మన్నిక తగ్గించుకున్నట్టు.

రేడియల్ టైరు (లోపలి దారాలు అంచు నుంచి అంచుకు తిన్నగా ఉండేది) ఒక చక్రానికి, మామూలు బయాస్ టైరు (దారాలు ఏటవాలుగా ఉండేది) ఇంకో చక్రానికి సొంతంగా కలపొద్దు. కంపెనీయే అలా ఇచ్చి ఉంటే వేరే సంగతి. ముందు ఒక బ్రాండు, వెనక ఇంకో బ్రాండు మాత్రం ఫర్వాలేదు.

5. రబ్బరు, గీతల ఎంపిక

ఎంఆర్‌ఎఫ్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్, అపోలో, జేకే, మిషెలిన్, వీటిలో ఏది గొప్పదని వాదించుకోవడం దండగ. ఒకే కంపెనీ గట్టి రబ్బరు టైరూ అమ్ముతుంది, మెత్తటి రబ్బరు టైరూ అమ్ముతుంది. బ్రాండు పేరు కంటే ఆ మోడల్ దేనికోసం చేశారో అడగండి.

ముందు టైరుకు: చక్రం తిరిగే దిశలో పొడవాటి గాళ్లు, పక్కలకు నీళ్లు పోయే దారులు ఉండాలి. సిలికా కలిపిన రబ్బరు దొరికితే అది తీసుకోండి, తడిలో పట్టు తేడా తెలుస్తుంది. వెనక టైరును ముందు వేయకండి, రబ్బరు దిమ్మెలు అడ్డంగా విడివిడిగా ఉంటే బ్రేకు వేసినప్పుడు అవి కదిలి ఎగుడుదిగుడుగా అరుగుతాయి.

వెనక టైరుకు: గాడి లోతు ఎక్కువ, మధ్యలో రబ్బరు దట్టంగా, ఖాళీలు తక్కువగా ఉన్నది ఎక్కువకాలం వస్తుంది. 100, 125 సీసీ బండ్లకు ఇదే సరి. 150 సీసీ పైన, కాస్త వేగంగా నడిపేవాళ్లు రెండు రకాల మిశ్రమం ఉన్నది చూడండి.

ఒకే సైజు టైర్లున్న బండ్లకు మన దగ్గర ఒక అలవాటు ఉంది. వెనక టైరు సగం అరగ్గానే దాన్ని ముందుకు మార్చి, కొత్తది వెనక వేస్తారు. రెండేళ్లపాటు బస్తాలు మోసి, వేడికి గట్టిపడి, మధ్యలో పలకబారిన టైరును బ్రేకు భారమంతా మోసే చోట పెట్టడమంటే ముందు చక్రాన్ని చేజేతులా పాడుచేసుకోవడమే. షాపులో ఎవరైనా సలహా ఇచ్చినా వినకండి.

6. షాపులో టైరు చేతికి తీసుకున్నాక

మొదట తయారీ తేదీ చూడండి. పక్క గోడ మీద, చాలా టైర్లకు డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర, నాలుగంకెలు ఉంటాయి. 1825 అంటే 2025లో 18వ వారం. ఒకవైపే ఉండొచ్చు, టైరును తిప్పి చూడండి. ఆరు నెలల లోపుది అయితే హాయిగా తీసుకోండి. ఏడాది దాటితే నీడలో ఉంచారా అని అడగండి. రెండేళ్లు దాటితే డిస్కౌంట్ ఇచ్చినా వద్దనండి.

షాపు బయట ఎండలో వేలాడదీసిన టైరు మాత్రం తీసుకోవద్దు. మన ఎండకు రబ్బరులో నూనె ఆరిపోతుంది. లోపల గోడౌన్లోంచి తెమ్మనండి, విసుక్కున్నా సరే.

తీసుకునే ముందు చూసుకోండి:

- సైజు, బరువు సూచిక, వేగం అక్షరం పాతదానితో సరిపోయాయా
- ముందుదా వెనకదా అని టైరు మీద రాసి ఉందా
- ట్యూబ్‌లెస్ రిమ్ముకు ట్యూబ్‌లెస్ టైరే ఇస్తున్నారా
- రిమ్ము మీద కూర్చునే అంచు ఎక్కడైనా నలిగిందా, చిరిగిందా
- ధరలో ఫిట్టింగ్, కొత్త వాల్వు కలిపారా
- బిల్లు మీద టైరు నంబరు వేశారా (వారంటీకి అదే ఆధారం)

7. బిగించేటప్పుడు దగ్గరే నిలబడండి

టీ తాగడానికి వెళ్లకండి. అరగంట పని, కానీ టైరు జీవితం సగం ఇక్కడే తేలిపోతుంది.

(అ) పాత టైరు తీశాక రిమ్మును ఖాళీగా తిప్పించి చూడండి. వంకర ఉంటే ముందు అది తీయించాలి. లోపలి అంచున తుప్పు, పాత రబ్బరు పొట్టు గీకించాలి, లేకపోతే ట్యూబ్‌లెస్‌లో గాలి నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది.

(ఆ) చక్రం కిందే ఉంది కాబట్టి బేరింగులు వేలుతో తిప్పి చూడండి, బ్రేకు షూలు, హబ్ రబ్బర్లు (చక్రం మధ్యలో కుదుపు తగ్గించేవి) చూడండి. మళ్లీ విప్పే పని తప్పుతుంది.

(ఇ) ట్యూబ్‌లెస్ అయితే కొత్త వాల్వు వేయించండి. ట్యూబు టైరైతే కొత్త ట్యూబు వేయించండి. సాగిపోయిన పాత ట్యూబు కొత్త టైరులో మడత పడి, ఆ మడత దగ్గరే పంక్చర్ అవుతుంది. పుల్లల చక్రమైతే పుల్లల చివర్లు ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ టేపు ఉందో లేదో చూడండి.

(ఈ) టైరు జారడానికి సబ్బు నీళ్లు వాడాలి. గ్రీజు, వాడేసిన ఇంజనాయిలు పూస్తుంటే ఆపండి, అవి రబ్బరును తినేస్తాయి.

(ఉ) బాణం గుర్తు చక్రం తిరిగే వైపుకే ఉండాలి. ఇదే ఎక్కువగా జరిగే పొరపాటు. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది వాల్వు పక్కకు రావాలి, టైరులో తేలికైన చోటు అదే.

(ఊ) గాలి కొట్టాక రిమ్ముకు ఆనుకుని టైరు మీద సన్నటి గీత కనిపిస్తుంది. ఆ గీత రెండు పక్కలా, చుట్టూ ఒకే దూరంలో ఉండాలి. ఒకచోట లోపలికి మునిగితే టైరు సరిగ్గా కూర్చోలేదు. గాలి తీసి, సబ్బు నీళ్లు పోసి మళ్లీ కొట్టించండి. అలాగే వదిలేస్తే వేగం 50 దాటగానే హ్యాండిల్ వణుకుతుంది.

(ఋ) వెనక చక్రం బిగించాక చైన్ అడ్జస్టర్ దగ్గర గుర్తులు రెండువైపులా ఒకే గీతకు ఉన్నాయా చూడండి. చైన్ వదులు బండి పుస్తకంలో చెప్పినంతే ఉండాలి.

8. మొదటి 200 కిలోమీటర్లు

కొత్త టైరు పైపొర నునుపుగా ఉంటుంది. ఆ పొర పోయేదాకా గట్టిగా బ్రేకు వేయడం, మలుపుల్లో బండిని బాగా వంచడం చేయకండి. వానలో అయితే ఇంకా జాగ్రత్త. శాండ్‌పేపరుతో రుద్దడం, పెట్రోలుతో తుడవడం అక్కర్లేదు.

వాటర్ సర్వీసింగ్ దగ్గర మెరుపు కోసం టైర్ల మీద డీజిల్‌గానీ పాలిష్‌గానీ కొడతారు. ముందే వద్దని చెప్పండి. డీజిల్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, పాలిష్ రోడ్డును తాకే భాగం మీద పడితే మొదటి మలుపులోనే బండి జారుతుంది.

9. గాలి

పది రూపాయల పనికి బద్ధకించి టైరును పోగొట్టుకునేది ఇక్కడే. పెట్రోలు బంకులో అది కూడా ఉచితమే.

ఎంత కొట్టించాలో చైన్ కవరు మీదో స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కరు చెబుతుంది, అదే ప్రమాణం. చాలా కమ్యూటర్ బండ్లకు ఒక్కరే వెళ్తే ముందు 25, వెనక 28 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత, షాపుల్లో పాయింట్లు అంటారు) చుట్టుపక్కల ఉంటుంది. వెనక మనిషో బరువో ఉంటే వెనక చక్రానికి ఇంకా ఎక్కువ చెబుతారు. ముందూ వెనకా కలిపి "ముప్పై కొట్టు" అనడం మానేయండి.

గాలి చూసేది పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు. టైరులో వేడి 10 డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి ఒకటి, ఒకటిన్నర పాయింట్లు పెరుగుతుంది. మధ్యాహ్నం మంగళగిరి దాటి వచ్చాక చూస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపించడం మామూలే. ఎండాకాలం కదా, పేలుతుందేమో అని ఆ గాలి తీసేయకండి. తీసేస్తే మర్నాడు పొద్దున్నకు తక్కువ గాలితో ఉంటుంది, పక్క గోడ ఎక్కువ వంగి ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. పేలడానికి ఎక్కువసార్లు కారణం ఆ తక్కువ గాలే.

వారానికోసారి చూడండి. సొంతంగా చిన్న గేజి కొనుక్కుంటే మంచిది, బంకు మీటర్లు ఒక్కోచోట ఒక్కోలా చూపిస్తాయి. నైట్రోజన్ కోసం డబ్బు పెట్టక్కర్లేదు, మామూలు గాలిలో 78 శాతం అదే.

10. పంక్చర్ అయితే

ఆటోనగర్ వైపు రోజూ తిరిగేవాళ్లకు ఇనుప ముక్కలు, మేకులు తప్పవు. ట్యూబ్‌లెస్‌కు మేకు దిగితే దాన్ని వెంటనే పీకకండి. గాలి నిలిచి ఉంటే నెమ్మదిగా షాపుదాకా వెళ్లొచ్చు.

బయటనుంచి గుచ్చే స్ట్రిప్ (జిగురు రబ్బరు తాడు) ఇంటికి చేరడానికి సరిపోతుంది. టైరులో ఇంకా సగం పైన గాడి ఉంటే, టైరు విప్పి లోపలినుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్) వేయించండి. రోడ్డును తాకే భాగంలో అయితేనే ఏ ప్యాచైనా. పక్క గోడకు చిల్లు పడితే ఎవరెంత చెప్పినా టైరు మార్చేయండి.

పదేపదే గాలి దిగుతోందని ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేస్తామంటారు. ముందు సబ్బు నీళ్లు వాల్వు దగ్గర, రిమ్ము అంచు చుట్టూ పోసి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడండి. చాలాసార్లు తప్పు వాల్వుదో, వంగిన రిమ్ముదో అయి ఉంటుంది. ట్యూబు వేస్తే ఆ తప్పు కనపడకుండా పోతుంది, పైగా మేకు దిగినప్పుడు గాలి ఒక్కసారిగా పోతుంది. హైవే మీద వేగంలో ఉన్నప్పుడు, అదీ ముందు చక్రంలో అలా జరిగితే బండిని ఆపుకోవడం కష్టం.